రందా యంత్రముపై వాలు అంచులు తీయు విధము

విత్తనపు గాదె చేయించుకొను రైతుల కొఱకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో వరి పండించు రైతునకు ఇంట దాచుకొన్న విత్తనము చేతిలోని రొక్కముకంటె ఎక్కువ. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఎడమ కాలువ క్రింద క్రమముగా మాగాణి పెరిగినది. మిర్యాలగూడలో వడ్ల మిల్లులు వరుసగా వెలసినవి. మిల్లునకు పోవు ధాన్యము సంచులలో పోవును గనుక దానికి గాదెతో పని లేదు. విత్తనపు గింజ మాత్రము పంట యింటికి వచ్చిన దినము మొదలు నారుమడి చల్లు దినము వఱకు ఎలుకకు, ముక్కపురుగునకు, చెమ్మకు దక్కకుండ నిలువవలెను. ఇనుప డబ్బా యున్నవారు దానినే వాడుకొనుట తేలిక. అయినను ఈ ప్రాంతమున పాత పెంకుటిండ్లు విప్పునప్పుడు టేకు పలకలు, వేప పలకలు మంచివి దొరకుచున్నవి. వానిని పొయ్యి పాలు చేయక గాదెగా మార్పించుకొను రైతులున్నారు.

అట్టి రైతు పలకలను బండిమీద వేసికొని పట్టణమునకు పోవును. అచ్చట వడ్రంగి దుకాణమున చిత్రిక పని యిప్పుడు చేతితో గాక విద్యుచ్ఛక్తితో తిరుగు యంత్రముపై జరుగుచున్నది. చేతి చిత్రికను ఈ ప్రాంతమున రందా యందురు గనుక యంత్రమునకును రందా మిషను అను పేరే నిలిచినది. జాయింటరు అనియు అందురు. పలక పొడవైనదైనచో వడ్రంగి యొక కొసను త్రోయుచుండగా రెండవ కొసను పట్టుకొనువాడు సాధారణముగా ఆ రైతే. ఆ యంత్రపు గుణము తెలియకయే దానికి చేయి యందించును. ఈ పాఠము వడ్రంగికి ఎంత అవసరమో, ఆ రెండవ కొసను పట్టువానికిని అంతే అవసరము. బొటనవ్రేలు పోయినవాడు మరల కొడవలి బిగించి పట్టలేడు.

గాదెకు వాలు అంచులు ఎందుకు

నాలుగు పలకల పెట్టెకు అంచులు నిలువుగానే యుండును. దానికి ఈ శ్రమ యక్కఱలేదు, గింజయు అందులో నిలుచును. కాని పాత పలకలు వెడల్పు తక్కువగ దొరకును. నాలుగు మూలలలో దుమ్ము, పొట్టు చేరి పురుగునకు తావగును. అందుచేత ఎనిమిది పలకల గాదె మేలు. తొమ్మిది అంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము, మూడడుగుల పొడవు గల పలకలు ఎనిమిది యున్న యెడల ఇంచుమించు ఒక క్వింటాలు వడ్లు పట్టు గాదె యగును. ఎకరమునకు ఇరువది, ఇరువదియైదు కిలోల లెక్కన అది నాలుగైదు ఎకరముల నాట్లకు సరిపోవు విత్తనము.

గుండ్రని చుట్టు 360 డిగ్రీలు. దానిని ఎనిమిది కూడళ్లు పంచుకొన్నచో ఒక్కొక్క కూడలికి 45 డిగ్రీలు వచ్చును. కూడలిలో రెండు పలకల అంచులు కలియును గనుక ఒక్కొక్క అంచునకు అందులో సగము, అనగా 22½ డిగ్రీల వాలు తీయవలెను. ఆరు పలకల గాదెకైనచో 30 డిగ్రీలు, పండ్రెండు పలకల గాదెకు 15 డిగ్రీలు. పలకల సంఖ్యచే 180ని భాగించిన వచ్చునదే వాలు.

ఇచ్చట ఒక సంగతి జ్ఞప్తి యందుంచుకొనవలెను. ఎనిమిది పలకలకు పదునారు అంచులు. ఒక్కొక్క అంచులో అర డిగ్రీ మాత్రమే తప్పు వచ్చినను, ఆ తప్పులన్నియు కూడి చివరి కూడలిలో ఎనిమిది డిగ్రీల సందుగా తేలును. అంగుళము మందపు పలకలో అది అంగుళములో ఏడవ వంతు ఎడము. బి.పి.టి. 5204 వంటి సన్న రకపు గింజ ఆ సందులో నుండి జారిపోవును. జిగురు పెట్టి, త్రాడు బిగించి ఆ సందును మూయవచ్చునని తలచువారు వేసవి వఱకు ఆగి చూడవలెను. వైశాఖపు టెండలలో కఱ్ఱ కుదించుకొనగా మొదట విచ్చుకొనునది ఆ కూడలియే.

యంత్రపు నిర్మాణము

రందా యంత్రమునకు ఒకే వరుసలో రెండు ఇనుప బల్లలుండును. పలకను మొదట ఉంచునది ఎక్కుడు బల్ల. చిత్రిక పట్టిన పిమ్మట పలక చేరునది దిగుడు బల్ల. రెంటి నడుమ సందులో కత్తులు బిగించిన ఉక్కు దిమ్మ తిరుగుచుండును. దిగుడు బల్ల ఉపరితలము కత్తుల మొనలు మిక్కిలి ఎత్తునకు వచ్చు చోటితో సరిసమానముగ నుండవలెను. ఎక్కుడు బల్ల దానికంటె కొంచెము క్రిందుగా నుండును. ఆ భేదమెంతయో అంత కఱ్ఱ ఒక్కసారికి తెగును. బల్లల వెంబడి నిలువుగా నిలిచి పలకకు ఆనికగా నుండు ఇనుప పట్టీని ఇచ్చట ఆనుడు పలక యందుము. వడ్రంగులు ఫెన్సు అందురు. దీనిని లోపలికిని వెలుపలికిని వాల్చవచ్చును. వాలు అంచు తీయుటకు ఆధారము ఇదియే.

దిమ్మ నిమిషమునకు నాలుగైదు వేల చుట్లు తిరుగును. మూడు కత్తులున్న దిమ్మ అయిదువేల చుట్లు తిరిగినచో సెకనునకు 250 కోతలు పడును. అంత వేగమున కత్తి కంటికి కనబడదు. మెఱయుచున్న నున్నని కడ్డీ వలె తోచును. క్రొత్తవారు మోసపోవుట ఇందుచేతనే. పూర్వము ఈ దిమ్మ నలుచదరముగా నుండెడిది. ఆ చదరపు దిమ్మకును బల్లకును నడుమ సందు పెద్దదై చేయి లోనికి పోవుట సులభమయ్యెడిది. ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున గుండ్రని దిమ్మ వాడుకలోనికి వచ్చినది. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము క్రింద ఏర్పడిన నియమములు చేతితో త్రోయు రందా యంత్రమునకు గుండ్రని దిమ్మను, కత్తుల సందును కప్పు కాపును విధించినవి. పదిమంది కూడ పనిచేయని చిన్న దుకాణములు ఆ చట్టపు పరిధిలోనికి రాలేదు. గనుక పని యిచ్చు రైతు తానే చూచుకొనుట మంచిది. చదరపు దిమ్మ యున్న యంత్రముపై, లేక కాపు తీసివేసిన యంత్రముపై తన పలకలు పెట్టనీయరాదు.

జారుట ఎచ్చట జరుగును

నిలువు అంచు తీయునప్పుడు పలక ఆనుడు పలకకు సమముగ నిలుచును. క్రిందికి నొక్కిన బలము బల్లలోనికే పోవును. వాలు అంచు తీయునప్పుడు అట్లు కాదు. పలక ఒక ప్రక్కకు ఒరిగి, మందములోని ఒక కోణపు కొన మీదనే నిలుచును. ఆ కొన బల్లపై జారినచో పలక దిగజారి, దానిని నొక్కుచున్న చేయి అదే వేగమున కత్తుల వైపునకు పోవును. నిలువు అంచు పనిలో ఆఱితేఱిన వడ్రంగియు వాలు అంచులో గాయపడుట ఇందువలననే.

ఆనుడు పలకను వెలుపలికి, అనగా పని చేయువానికి దూరముగా వాల్చినచో పలక దానిపై వెల్లకిల పండుకొన్నట్లుండును. చూచుటకు ఇది సుఖముగా తోచును. పలక బరువు ఆనుడు పలకపైననే పడును గదా యని చాలమంది దీనినే కోరుదురు. కాని పైనుండి నొక్కిన కొలది పలక అడుగు పని చేయువాని వైపునకు జారజూచును. గోడకు వాల్చిన నిచ్చెన అడుగు జారుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఆనుడు పలకను లోపలికి, అనగా పని చేయువాని వైపునకు వాల్చినచో దానికిని బల్లకును నడుమ ఇఱుకు మూల యేర్పడును. పలక అడుగు ఆ మూలలో ఒదిగి యుండును. క్రిందికి నొక్కిన బలము అడుగును ఆ మూలలోనికే త్రోయును. జారుటకు దారి లేదు. పలక పైభాగము మాత్రము పని చేయువాని మీదికి ఒరుగును గనుక దానిని ఎడమచేతితో ఆనుడు పలకకు అదిమి పట్టుకొనుచుండవలెను. ఈ కొంచెపు శ్రమ యున్నను వాలు అంచునకు ఎంచుకొనదగినది లోపలి వాలే.

వెలుపలికి మాత్రమే వాలు ఆనుడు పలక గల యంత్రములు కొన్ని కలవు. అట్టిదానిపై చేయక తప్పనిచో కోత లోతు సరిచేసికొన్న పిమ్మట పలక అడుగునకు ఎదురుగా, పని చేయువాని వైపున, రెండు బల్లలపైనను సరళమైన చెక్క పట్టీలను బిగింపులతో బిగించి, అడుగు జారకుండ అడ్డుకట్ట వేయవలెను. ఆ పట్టీలు లేక ఆ పని మొదలుపెట్టరాదు.

పలకలను సిద్ధపఱచుట

పాత యింటి పలకలో మేకులు దాగి యుండును. తల విఱిగిన మేకు పైకి కనబడదు; దాని చుట్టు కఱ్ఱ నల్లబాఱి యుండుటయే గుర్తు. అయస్కాంతపు ముక్కను పలక వెంబడి త్రిప్పి చూచి, ఉన్న మేకులన్నియు పెఱికివేయవలెను. కత్తికి మేకు తగిలినచో కత్తి పంటి విఱుగును; విఱిగిన ఉక్కు ముక్క ఎటు పోవునో చెప్పజాలము. ఇసుక, సున్నము అంటిన పలకను ముందుగా ఇనుప బ్రష్షుతో రుద్దవలెను.

కొత్తగా కోయించిన కఱ్ఱ అయినచో అంగుళము మందమునకు ఒక యేడాది చొప్పున నీడలో ఆరనిచ్చుట వాడుక. పచ్చి కఱ్ఱకు వానకాలమున తీసిన వాలు వేసవిలో మాఱిపోవును.

మెలి తిరిగిన పలకను బల్లపై నుంచి ఒక మూల నొక్కినచో రెండవ మూల లేచును. దానిని ముందు వెడల్పు ముఖముమీద చదును చేయింపక వాలు అంచునకు ఎక్కింపరాదు. నడుమ దారిలో అది ఊగి జారును. వదులైన ముడి యున్న పలకయు విడువదగినదే.

ఇక పొడవు విషయము. పండ్రెండు అంగుళములకంటె పొట్టి ముక్కను ఈ యంత్రముపై పెట్టనే కూడదు. పొట్టి ముక్క ఎక్కుడు బల్లను విడిచి దిగుడు బల్లను అందుకొనులోపల నడుమ సందులోనికి వంగి, కత్తులచే ఎగురగొట్టబడును. గాదె పలకలు మూడడుగులవి గనుక ఆ భయము లేదు.

అంగుళము మందపు పలకకు 22½ డిగ్రీల వాలు తీయుటకు అంచు కొనవద్ద అంగుళములో మూడవ వంతుకంటె ఎక్కువ కఱ్ఱ పోవలెను. ఒక్కసారికి అంగుళములో ముప్పదిరెండవ వంతు మాత్రమే తీయుట క్షేమము. ఆ లెక్కన ఒక్కొక్క అంచునకు పండ్రెండు సార్లు, పదునారు అంచులకు రెండు వందల సార్లకు దగ్గఱగా పలకను కత్తులపై నడుపవలసి వచ్చును. ఇంచుమించు నూటయేబదవ సారికి చేయి అలసి, చూపు చెదరును. అందుచేత పలకపై గీత గీసి, ముందు రంపముతోనే వాలుగా చెక్కివేసి, గీతకు ఇవతల కొంచెము మాత్రము యంత్రమునకు మిగుల్పవలెను. అప్పుడు మూడు సార్లతో ముగియును. తొందరపడి లోతు పెంచి ఒకేసారి తీయజూచుట ఎంతమాత్రము తగదు.

యంత్రమును సరిచేయుట

ఏ మరను ముట్టుటకైనను ముందు మోటారునకు పోవు విద్యుత్తును మీటవద్ద ఆపుటయేగాక తీగ ప్లగ్గును కూడ ఊడదీయవలెను. మీట ఆర్పిన పిమ్మట దిమ్మ కొంతసేపు తిరుగుచునే యుండును. కఱ్ఱ ముక్కతో దానిని ఆపజూడరాదు.

పంపుసెట్టు వాడు రైతునకు తెలిసిన సంగతి యొకటి ఇచ్చట అక్కఱకు వచ్చును. ట్రాన్సుఫార్మరు మరమ్మతు జరిగినప్పుడు, లైను తీగలు మార్చి కలిపినప్పుడు మూడు ఫేజుల వరుస మాఱి మోటారు తిరుగుడు దిక్కు మాఱును; బోరు నీరు తగ్గిపోవుటచే రైతు అది కనిపెట్టును. మూడు ఫేజుల మోటారు గల రందా యంత్రమునకును ఇదే సంభవించును. సరియైన దిక్కున కత్తులు పలకకు ఎదురుగా వచ్చును. దిక్కు తలక్రిందైనచో పలకను ముందునకు లాగికొని పోవును, త్రోయుచున్న చేయియు దానితో పోవును. కరెంటు పోయి వచ్చిన దినమున, లైను మరమ్మతు జరిగిన దినమున పలక లేకుండ ఒక్క క్షణము మీట వేసి ఆర్పి, ఆగుచున్న దిమ్మ ఏ దిక్కునకు తిరుగుచున్నదో చూచికొని మరి పని మొదలుపెట్టవలెను.

ఆనుడు పలక వాలును యంత్రముపైని అంకెలను బట్టి నమ్మరాదు. ఆ గుర్తులు అర డిగ్రీని చూపజాలవు. రెక్కను త్రిప్పి మరతో బిగించు మట్టమొకటి వడ్రంగులవద్ద నుండును. దానిని సరిపఱచుటకు కొలమాని లేకున్నను చిక్కు లేదు. నిజమైన లంబకోణపు మూల గల దళసరి కాగితమును తీసికొని, ఆ మూలను సరిగా సగమునకు మడచి, మరల సగమునకు మడచినచో నాలుగు సమభాగములగును. ఒక్కొక్క భాగము 22½ డిగ్రీలు. విప్పి చూచిన నాలుగింటిలో మూడు భాగములు 67½ డిగ్రీలు. బల్లకును, లోపలికి వాలిన ఆనుడు పలకకును నడుమ ఉండవలసిన మూల ఇదియే. మట్టపు రెక్కను ఆ మడతకు సరిపెట్టి, దానిని బల్లపై నిలిపి, ఆనుడు పలకను దానికి ఆనునట్లు వాల్చి మరలు బిగించవలెను. మట్టమునకును ఇనుమునకును నడుమ వెలుతురు కనబడరాదు.

ఆనుడు పలక సాధారణముగా నాలుగైదు అంగుళముల ఎత్తు మాత్రమే యుండును. తొమ్మిది అంగుళముల పలకకు అది చాలదు. ఏడెనిమిది అంగుళముల ఎత్తు గల సరళమైన చెక్కను దానికి మరలతో బిగించి ఎత్తు పెంచవలెను. ఆనుడు పలకను ముందునకు జరిపి, పలక మందమునకు కావలసినంత మేర కత్తులను మాత్రమే తెఱచి, మిగిలిన కత్తులపై కాపు రేకు ఉండునట్లు చూడవలెను.

నడుపు విధము

భుజముపై తువాలు, తలపాగ కొస, వ్రేలాడు చొక్కా చేయి, చేతి కడియము, మొలత్రాటికి కట్టిన తాళపు చెవి, స్త్రీలకు కొంగు, గాజులు, ఇవి యన్నియు యంత్రముకడకు తగవు. చేతి తొడుగులు రక్షణ యిచ్చునని తలంచుట పొరపాటు. వ్రేలికొస కత్తికి తగిలిన యెడల తొడుగు చేయినంతను లోనికి లాగును. కాళ్ల క్రింద చేరిన చిత్రిక తరుగును ముందే ఊడ్చివేయవలెను. దానిపై కాలు జాఱినవాడు చేతులు మొదట చాపునది బల్లపైకే.

ప్రతి పలకకును గాదెకు వెలుపలి వైపు కాగల ముఖముపై సుద్దతో గుర్తు పెట్టవలెను. లోపలి వాలుతో పని చేయునప్పుడు ఆ గుర్తు గల ముఖమే ఆనుడు పలకకు ఆనవలెను. అప్పుడు కత్తులు పని చేయువాని వైపు కొనను తీయును. వెలుపలి ముఖము నిండు వెడల్పుతో మిగిలి, లోపలి ముఖము ఇఱుకగును. ఈ గుర్తు మఱచి ఒక్క పలకను తిరుగవేసినచో ఆ పలక వ్యర్థము.

కఱ్ఱ నార దిక్కును చూడవలెను. పలక తోకవైపునకు పోవు కొలది నార గీతలు క్రిందికి దిగుచుండిన యెడల కత్తి నున్నగా తెంచును. అవి పైకి ఎక్కుచుండిన యెడల కత్తి నారను ఎత్తి చీల్చును, పలక ఎదురు తన్నును. మొదటి అంచు ముగిసిన పిమ్మట పలకను ముందు కొస వెనుకకు వచ్చునట్లు త్రిప్పి, గుర్తు గల ముఖమును మరల ఆనుడు పలకకే ఆనించి రెండవ అంచును దింపవలెను. నార ఒకే పోకడ గల పలకలో ఇట్లు త్రిప్పినను నార దిక్కు చెడదు. వంకరనార గల పలకను మాత్రము మెల్లగా నడిపి చూడవలెను.

పని చేయువాడు ఎక్కుడు బల్ల ప్రక్కన ఎడమ కాలు ముందునకు వేసి నిలువవలెను. పలక వెనుక తిన్నగా నిలువరాదు. పలక ఎదురు తన్నినచో అది పోవునది ఆ దారినే. ఎడమచేయి పలక పైభాగమును ఆనుడు పలకకు అదుముచుండవలెను. కుడిచేయి తోక వెనుక మడమ గల తోపుడు చెక్కతో త్రోయవలెను. ఉత్తచేతితో తోకను త్రోయరాదు. పలక ముందు భాగము దిగుడు బల్లపైకి చేరిన వెంటనే ఎడమచేతి బలమును ఆ బల్లమీది భాగమునకు మార్పవలెను. ఏ చేయియు కత్తుల సందునకు సూటిగా పైన నిలువరాదు. వ్రేళ్లు పలక క్రింది అంచునకు వ్రేలాడరాదు. నడక ఆగకుండ, తొందర లేకుండ, ఒకే తీరున సాగవలెను. నడుమ ఏదేని అడ్డు తగిలినచో పలకను వెనుకకు లాగరాదు. అట్లే పట్టియుంచి మీటను ఆర్పించి, దిమ్మ పూర్తిగా ఆగిన పిమ్మట తీయవలెను.

రెండవ కొసను పట్టు రైతు చేయవలసినది మిక్కిలి స్వల్పము. అతడు దిగుడు బల్ల కొసకు ఆవల నిలిచి, వచ్చుచున్న పలకను క్రిందినుండి మోయుటయే. లాగరాదు. లాగినచో నడక వేగము వడ్రంగి వశము తప్పును. వాని కుడిచేయి పలకతోపాటు ముందునకు దూకును. మూడడుగుల పలకకు అసలు రెండవ మనిషి అక్కఱలేదు. పొడవైన పలకలకే ఈ సాయము.

పరీక్ష చూచుట

మంచి పలకలను ముట్టకముందే పనికిరాని పలక యొకదానిని, మూడడుగుల పొడవుదే, తీసికొని రెండు అంచులకును వాలు తీయవలెను. పిమ్మట దానిని చేతి రంపముతో అడ్డముగా ఎనిమిది ముక్కలు కోసి, నేలపై గుండ్రముగా పేర్చి చూడవలెను. ముక్కలను కోసిన తరువాత యంత్రముపై పెట్టుట గాదు. వాలు తీసిన తరువాతనే ముక్కలు కోయుట. ఎనిమిదవ కూడలి సందు లేక కలిసినచో వాలు సరిపోయినది. కూడలి లోపలి వైపున తగిలి వెలుపలి వైపున విచ్చినచో వాలు చాలలేదు. ఆనుడు పలకను వెండ్రుకవాసి ఇంకను లోపలికి వాల్పవలెను. వెలుపల తగిలి లోపల విచ్చినచో వాలు మించినది. పదునారు అంచుల తప్పు ఒక్కచోట చేరి కనబడును గనుక ఇంతకంటె నమ్మదగిన కొలత లేదు. పాత పలక ఒకటి పోయినదని చింతించువారు మంచి పలకలు ఎనిమిది పోవుటను తలచుకొనవలెను.

యంత్రమునకు ఎక్కింపరాని పనులు

వాలు అంచు వచ్చిన ప్రతి వస్తువును ఈ యంత్రముకడకు తీసికొనిపోరాదు. ఎద్దు మెడపై నిలుచు కాడికి అంచులు వాలుగా చెక్కి నున్న చేయుట మంచిదే; మొన గల అంచు మెడను ఒరసి కాడిపుండు చేయును. అయితే కాడి వంపు గలది. వంపు గల వస్తువు బల్లపై రెండు చోట్ల ఆనదు. దానిని బాడిసతోను, చేతి రందాతోను చెక్కుటయే పద్ధతి. బండి చక్రపు చుట్టు ముక్కలును అట్టివే. పొట్టివి, వంపువి, పైగా నల్లతుమ్మ వంటి గట్టి కఱ్ఱవి. మంచపు కోళ్లు, నాగలి మేడి వంటివానికిని ఇదే మాట.

యంత్రము లేనిచోట గాదె పలకల వాలును చేతి రందాతో తీయవచ్చును. పలకను బల్లకు నిలువుగా బిగించి, రెండు కొసలలో వాలు గీసి, మొనను కొంచెము కొంచెముగా గీత వఱకు దింపవలెను. దినములు ఎక్కువ పట్టును, కూలి హెచ్చును.

గాయము తగిలినచో

రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి చేయిని గుండెకంటె ఎత్తుగా నుంచవలెను. పసుపు, కిరోసిను, చిత్రిక పొడి అద్దరాదు. 108కి కబురు చేయవలెను. వ్రేలు తెగి వేఱుపడినచో దానిని పాఱవేయక, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో నుంచి మూతి కట్టి, ఆ సంచిని ఐసు ముక్కలు కలిపిన నీటిలో నుంచి రోగితోపాటు పంపవలెను. వ్రేలిని సూటిగా ఐసుపై నుంచినచో కండ చచ్చిపోవును. సూర్యాపేటనుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడనుండి సుమారు 175. వ్రేలిని తిరిగి అతికించు వైద్యము గంటల లెక్కలో జరుగవలసినది. చల్లగా దాచిన వ్రేలు ఆ ప్రయాణమును తట్టుకొనును, దాచనిది తట్టుకొనదు. దుకాణములో పలకలు దింపకముందే ఐసు ఎచ్చట దొరకునో అడిగి యుంచుకొనుట వింతగా తోచినను తప్పు కాదు.

కూర్పు

వాలు తీసిన ఎనిమిది పలకలను గుర్తు గల ముఖము పైకి వచ్చునట్లు నేలపై ప్రక్కప్రక్కన పేర్చి, కూడళ్లపై గుడ్డ పట్టీలు జిగురుతో అంటించి ఆరనీయవలెను. పిమ్మట నలుగురు కలిసి మొత్తమును బోర్లింపవలెను. అప్పుడు వాలు అంచులు పైకి తెఱచుకొన్న కాలువల వలె కనబడును. వానిలో వడ్రంగి జిగురు నింపి చాప చుట్టినట్లు చుట్టి, మూడుచోట్ల త్రాడు కట్టి, త్రాటిలో కఱ్ఱ దూర్చి మెలిపెట్టి బిగింపవలెను. ఒక దినము గడచిన పిమ్మట పైనను క్రిందను రెండు ఇనుప పట్టాలు కమ్మరిచే వేయించవలెను. అడుగు పలకను లోపలినుండి అమర్చి, గాదెను కాళ్లపై నిలిపి, గోడకు జానెడు ఎడముగా ఉంచవలెను.

జిగురు వాసన పోవు వఱకు వారము దినములు మూత తెఱచి యుంచి, పిమ్మట విత్తనము పోయవలెను. వడ్లలో తేమ నూటికి పదమూడు పాళ్లకు మించరాదు. కొలుచు పరికరము లేనివారు గింజను పంటితో కొఱికి చూడవలెను. ఎండిన గింజ పటుక్కున విఱుగును; చెమ్మ గలది నలుగును. నలిగినచో మఱి రెండెండలు ఎండబెట్టి, నీడలో చల్లారిన పిమ్మట గాదెకెత్తవలెను.